అల్లరిపిల్ల మోకాలు

డండీ అనే ఊళ్ళో ఒక చర్చి హాల్లో పిల్లల పాత కామిక్స్ అమ్ముతున్నారు. ఒక ముసలావిడ గోడెక్కుతున్న అల్లరిపిల్ల బొమ్మ చూసి ఆగిపోయింది.

"మంచిదే పట్టారమ్మా!" అన్నాడు అమ్ముతున్నతను. "ఈ అల్లరిపిల్లని మొదట్నుంచీ గీసిన విషార్ట్ చేతి గీత. ఆ మోకాలు చూడండి, కాగితం మీంచి దూకేలా లేదూ?"

"ఇది గెడ్డెస్ గీసింది బాబూ."

"గెడ్డెసా? ఆయన గీసిన మనుషులు అగ్గిపుల్లల్లా ఉంటారమ్మా. విషార్ట్ మానేశాక వచ్చి, బంగారంలాంటి బొమ్మని పాడుచేశాడు."

"అచ్చం పాతాయనలాగే గియ్యమన్నారు పత్రికవాళ్ళు. మొదట్లో చెయ్యి తిరగలేదు. తర్వాత తిరిగింది."

"మీకెలా తెలుసు?"

"మా వంటింటి బల్లమీదే గీసేవారు. మా ఆయన."

"అయ్యో, ఏమనుకోకండమ్మా. కానీ ఇది మాత్రం విషార్ట్‌దే."

"ఈ మోకాలు మా అమ్మాయిది. గోడమీంచి పడి ఏడుస్తుంటే, ఊరుకోబెట్టడానికి పక్కన కూర్చుని గీశారు."

"కింద సంతకం ఉంటే ఒప్పుకునేవాణ్ణే."

"ఆ రోజుల్లో ఎవర్నీ సంతకం పెట్టనిచ్చేవాళ్ళు కాదు కదా."

"అదే చిక్కు. ఇది విషార్ట్ చివరి బొమ్మ అనే కామిక్స్ మీద రాసిన అన్ని పుస్తకాల్లోనూ ఉంది. నేనొక్కణ్ణీ కాదంటే ఎవరు నమ్ముతారు?"

"పోనీ, బాగుందా?"

"బాగుందా అంటారేంటమ్మా! ఆయన జన్మలో ఇంతకంటే గొప్పగా గియ్యలేదు."

"ఈ మాట వినుంటే ఎంత పొంగిపోయేవారో."

"ఎవరు, విషార్టా?"

ఆవిడ బొమ్మని నలగకుండా కవర్లో పెట్టి అతని చేతికిచ్చేసింది.