ఏడుసార్లు వచ్చిన నంబరు

“ఒక్క మనిషి రెండుసార్లు ఉండొద్దు గద చిన్నమ్మా. అందుకే డూప్లికేట్లు తీసేసిన.”

“మా ఇంట్ల అంబదాస్ ఒక్కడే. ఇంకో అంబదాస్ ఏడున్నడు?”

సుమన ల్యాప్‌టాప్ మూయబోయి ఆగింది. నాలుగు నెలల కిందట ఆమె పనిచేసే ట్రస్టు లింబాయత్ బస్తీలో సాంచెల మీద, అంటే మరమగ్గాల మీద పనిచేసే కార్మికులకు ఛాతీ పరీక్షల క్యాంపు పెట్టింది. పేర్ల పట్టిక తయారుచేసింది తనే. ఆ రోజు పేరు లేదని వెనక్కి పంపినవాళ్లలో పద్మారాణి భర్త అంబదాస్ ఒకడు. నిన్న ఆసుపత్రిలో అతని కుడి ఊపిరితిత్తి చాలావరకు పోయిందన్నారట. నాలుగు నెలల ముందు వచ్చి ఉంటే మందులతో ఆగేదన్నారట. ఇదంతా చెప్తూ పద్మారాణి ఒక్క కన్నీటి చుక్క రాల్చలేదు. సుమనకు భయం వేసింది అందుకే.

“పేరు కాదు చిన్నమ్మా, ఫోన్ నంబరు. ఆ నంబర్ల వరుసల ఒక్కటే నంబరు మల్ల మల్ల వచ్చింది.”

“ఎవరి నంబరు?”

“బాపుది.”

“నర్సింగం బావది. వస్తది మరి. కార్ఖానాకు వచ్చి చెప్పింది నువ్వే గద? ఫోన్ లేనోళ్లు మా బాపు నంబరు రాయిండ్రి, కబురు నేను చెప్త అంటివి.”

“అవ్, అన్న.”

“మరి?”

“తీసేసేది కంప్యూటర్ చిన్నమ్మా. ఉత్త బటన్ నొక్కుడే. మొదటిది ఉంచుతది, కిందియి తీసేస్తది. నేను ఒక్కొక్కటి చూస్తనా?”

“చూడలే?”

“వందల పనులుంటయి మాకు.”

“చూడలేదా అని అడుగుతున్న.”

“ఎర్రగ చూపెట్టింది. ఎన్నిసార్లున్నదో లెక్క పెట్టిన.”

“వేళ్ల మీదనా?”

“కాదు, దానికో లెక్క ఉంటది. కౌంటిఫ్ అంటరు. నంబరు పక్కన రాస్తే ఎన్నిసార్లున్నదో అదే చెప్తది. ఏడు అన్నది.”

“ఏడు. బావ, మా ఆయన, పరమేశ్, మొండయ్య, పరుశురాం, ఇంక ఇద్దరు. బరాబరే చెప్పింది. నంబరు పక్కన పేర్లు లేవా?”

“ఉన్నయి.”

“అన్నీ నర్సింగమేనా?”

“కాదు. ఏడు పేర్లున్నయి.”

“చూసే తీసేసినవు.”

ట్రస్టు సార్ చెప్పిందే చేశానంది సుమన. క్యాంపులో అరవై మందికే చోటుందని, పట్టికలో అరవై ఆరుగురు వచ్చారని, ముందు డూప్లికేట్లు తీసి ఇంకా మిగిలితే చీటీలు వేద్దామని సార్ అన్నాడని వివరించింది. పద్మారాణి చివరిదాకా విన్నది.

“చీటీలు ఎయ్యనిస్తే ఏమైతుండె?”

“బాపు పేరు పోతదేమోనని భయమైంది. ఆయన దగ్గు నీకూ ఇనవస్తది గద గోడ అవతలికి.”

“ఇనవస్తది. మొదటిది ఉంటదన్నవు. మొదట ఎవరున్నరు?”

“బాపు.”

“పేర్లు రాసేనాడు అన్నం డబ్బా ఇయ్యొచ్చి నేను ఆడ్నే ఉన్న సుమనా. ముందుగాల రాయించింది మా ఆయన. తనకన్న చిన్నోళ్లందరు రాయించినంక బావ ఆఖర్న చెప్పిండు.”

“పైకి జరిపిన.”

“ఏంది?”

“బాపు లైను. పైకి జరిపి, అప్పుడు బటన్ నొక్కిన.”

కింది అంతస్తులో సాంచెలు ఆగకుండా ఆడుతున్నాయి. పద్మారాణి కొంగు సర్దుకుని లేచింది. ఇప్పుడైనా తిడితే బాగుండునని సుమన అనుకున్నది. ఆమె గడప దాకా పోయి వెనక్కి తిరిగింది.

“క్యాంపు నాడు నువ్వు రాలే.”

“జ్వరమొచ్చింది.”

“జ్వరమా?”

“రాబుద్ధి కాలే చిన్నమ్మా. మీ మొఖాలు ఎట్ల చూడాలె?”

“అంతేనా. బావకు ఏం చెప్పిండ్రట?”

“ఊపిరితిత్తులు సాఫ్ ఉన్నయన్నరట. ఏం ఫికర్ లేదన్నరట.”

“అన్నరట. ఎవరు చెప్పిండ్రు నీకు?”

“బాపే చెప్పిండు.”

“కాయిదం చూసినవా?”

“అడిగిన. కార్ఖానాల పెట్టిన, తెస్తనన్నడు. ఎందుకు అడుగుతున్నవు?”

“నీకు చెప్పలేదన్నట్టు. గేటు కాడ ఆపింది ఆరుగురినే బిడ్డా. పరీక్ష లేకుండ వాపసొచ్చింది ఏడుగురు.”