బత్తాయి తోటల ఆగని చక్రం

"గా బాయికాడ తుప్పువట్టిన చక్రం ఏంది తాతా" అని అడుగుతున్నవా? మీ అవ్వ అడగమన్నదా? అనే ఉంటది. ఇంటికి ఎవలొచ్చినా ముందుగాల గదే సూపిస్తది, నేను కట్టిన ఇల్లు సూపియ్యది. సరే, కూసో బిడ్డా. గా బత్తాయి ఒలుసుకుంట ఇను.

మన తెలంగాణ వచ్చినంక కరెంటుకైతే ఫికర్ లేకుండె. నీళ్లే లెవ్వు. గా యేడు వానలు మొకం సాటేసినయి. బాయిల ఊట సన్నగ. మోటరు పెడితె రెండు గుక్కల్ల తాగి, ఉత్తగ తిరిగి కాలిపోతుండె. బత్తాయి చెట్లేమో ఆకు ముడుసుకుంటున్నయి. పిల్లల లెక్క సాకినం వాటిని, సరిగ్గ కాతకొచ్చే యేడు. అవి ఎండితె నేనూ మీ అవ్వా మల్ల కూలికి పోవుడే.

గప్పుడు మీ మేనమామ, కాదు కాదు, మీ చిన్నాయిన, సెల్లు చేతికిచ్చిండు. దాంట్ల ఎవడో చక్రం తిప్పుతున్నడు. పైన డ్రమ్ము, కింద తొట్టి. పైనుంచి నీళ్లు పడితె చక్రం తిరుగుతది, గా తిరుగుడుతోని పంపు కొట్టుకొని కింది నీళ్లు మల్ల పైకి పోతయి. కరెంటు లేదు, డీజిల్ లేదు, జిందగీ అంత తిరుగుతదట. కండ్ల ముంగట తిరుగుతాంటె నమ్మక ఏంజేస్త? వాడు ఎనుక మోటరు దాసిపెట్టిండో ఏమో, గా ఆలోచన ఇప్పుడొస్తాంది.

ఊట సన్నగున్నది గదా, మెల్లగ ఆగకుంట తోడే మిషిను గావాలె, గది నా లెక్క. కొన్ని నీళ్లు చెట్లకు, కొన్ని చక్రానికి. మా నాయిన ఎద్దులతోని మోట కొట్టి బాయి నీళ్లు తోడెటోడు. కడుపుల గడ్డి పడకుంటె గా ఎద్దులు అడుగు కదపకపోతుండె. నేనేమో నాయినకంటె తెలివిగల్లోన్ని, గడ్డే అక్కర లేని ఎద్దును తయారుచేస్తున్న.

తిరుమలగిరిల పాత సామాన్ల దుకాణంల ఇనుప చక్రం కొన్న, చేతిపంపు కొన్న. నూనె డబ్బాలు కోసి చక్రానికి వెల్డింగ్ పెట్టిచ్చిన. ఏందే ఇది అని వెల్డింగాయిన అడిగితె చెప్పలే, నా తెలివి ఎత్తుకపోతడని భయం.

ఇగ సురువుకు డ్రమ్ము నింపాలె. "గీ ఒక్కసారి తోడు, మల్ల జిందగీల తోడే పని లేదు" అన్న మీ అవ్వతోని. పాపం, బొక్కెనతోని తోడి తోడి నింపింది. కొబ్బరికాయ కొట్టి డ్రమ్ము నీళ్లు చక్రం మీదికి ఇడిసిన. తిరిగింది బిడ్డా. ఊరోళ్లు నోరు తెరిసిన్రు. నేను మీసం దువ్విన. దువ్వుడు ఒడువకముందే ఆగింది.

గ్రీజు తక్కువైందన్న. మల్ల తోడింది, మల్ల ఆగింది. డబ్బాలు బరువైనయన్న. మల్ల తోడింది. ఆగినప్పుడల్ల నాకొక కొత్త సాకు దొర్కుతుండె. నీళ్లు సగం బండల మీద పడి ఇగిరిపోతుండె. ఊరిన ఊటంత నా చక్రమే తాగుతాంది, అటు చెట్ల ఆకులు రాలుతున్నయి. నాకు అటు సూసే తీరిక ఏది?

ఒకనాడు పొద్దుగాల మల్ల నింపమన్న. మీ అవ్వ బొక్కెన పట్టుకొని డ్రమ్ముదాంక వచ్చి నా మొకం సూసింది. "మోటకు ఎద్దులు గావాలె, మోటరుకు కరెంటు గావాలె, నీ చక్రానికి నేను గావాలె. తోడేది నేనే ఐతె నడిమిట్ల గీ చక్రం ఎందుకయ్యా" అన్నది. పోయి గా నీళ్లు బత్తాయి మొదట్ల కుమ్మరిచ్చింది.

నాకు సిగ్గయింది. పోయి బొక్కెన తాడు నేనందుకున్న. వానలు పడేదాంక నేను తోడుడు, ఆమె పోసుడు. కొన్ని చెట్లు పోయినయి. మిగిలినయి బతికినయి, నువ్వు తింటున్న కాయ గా చెట్లదే.

పాత సామానాయిన అడిగితె మీ అవ్వనే చక్రాన్ని ఇయ్యనియ్యలే. "ఉండనీ, మల్ల గసోంటి బుద్ధి పుడితె దీన్ని సూసుకుంటడు" అన్నది. నిజం చెప్పాల్నా? ఎవలు లేనప్పుడు ఇప్పటికీ ఒకసారి చేత్తోని తిప్పి సూస్త. ఏమో, ఆగదేమో అని. అగో, లోపల్నుంచి మీ అవ్వ నవ్వుతాంది, మన మాటలన్ని ఇంటనే ఉన్నది.

సల్లగుండు బిడ్డా, మంచిగ సదువు. ఎవలన్న ఆగని మిషిను సూపిస్తె, నీళ్లు తోడెటోళ్లు యాడున్నరో ముందుగాల గది సూడు. ఇంగో, ఇంకొక కాయ తిను…