పేర్ల చక్రం

సాయంత్రం గుడ్లవల్లేరులో బందరు బస్సెక్కిన ఇద్దరు టీచర్లు పక్కపక్కనే కూర్చున్నారు.

“ఫోన్లో పేర్ల చక్రం తిప్పుతున్నారటగా! ఎవరి పేరు దగ్గర ఆగితే వాళ్లే జవాబు చెప్పాలట. పిల్లలు ఒకటే చప్పట్లట.”

“ఫ్రీ యాప్ అండీ. ఇవాళ హేమదుర్గ పేరు దగ్గర ఆగింది. లేచి చెప్పమన్నాను. క్లాసంతా నవ్వింది.”

“ఎందుకూ?”

“దసరా నుంచీ బడికే రావడం లేదట. పెడనలో కలంకారీ అద్దకం షెడ్డుకి పనికెళ్తోందట.”

“అది క్లాస్ టీచరు చూసుకోవాలి లెండి. మీదేం తప్పు?”

“ముందు బెంచీలోనే కూర్చునేదటండీ.”

“...పెడన వచ్చిందండీ. అదేంటి, లేస్తున్నారు? మీరు దిగేది బందరులో కదా?”

“ఆ షెడ్డుకి వెళ్తాను.”

“వెళ్లి ఆ పిల్లతో ఏమంటారు?”

“ముందు అక్కడి పిల్లల్లో తనెవరో గుర్తుపట్టాలి కదండీ. ఎంత ఆలోచించినా మొహం గుర్తు రావడం లేదు.”