నా బొమ్మ కింద జోగయ్య

ఇదేటి పని జోగయ్య బావా? ఎమ్మెల్యేగా నీకింకా మూడేళ్ళు ఉన్నాయి కదా, ఇంత బేగి పోతే ఎలగ? మాట్నీ ఆటనుకున్నావేటి, సగంలో లెగిసి ఎల్లిపోడానికి?

ఆసుపత్రికి వచ్చినప్పుడే సెప్పేను. "ఎలాగోలా ఎలచ్చన్లదాకా ఉండు బావా, నిన్ను ఓడించి మరీ పంపిస్తాను" అన్నాను. ముక్కులో గొట్టం ఎట్టుకునే నవ్వినావు. ఆ నవ్వు సూసి తగ్గిపోద్దనుకున్నాను. నా మాట ఎప్పుడైనా ఇన్నావేటి నువ్వు?

ఉండు, కూసింతసేపు కూకుంటాను. మంత్రిగారు రాజాం దాటేరని కబురొస్తే మీవోళ్ళందరూ దండలట్టుకుని రోడ్డు మీదకి లగెత్తినారు. నీ ఇంటిది లక్ష్మణమ్మ సెల్లిని ఆడోళ్ళు లోపలికి తీసుకెల్లినారు. నువ్వూ నానే మిగిలేం. మనిద్దరం ఒక గదిలో ఇలగ కూకుని ఎన్నాళ్ళయ్యిందంటావు? పేపరోడు గానీ సూస్తే "రహస్య మంతనాలు" అని రాసీగలడు.

అన్నట్టు, ఈ ఫ్రీజర్ బాక్సు ఎవుడిదో తెలుసా? నాదే! నాను గెలిసిన ఆ ఒక్కపాలీ ఊరికి ఇచ్చింది. అద్దం మీద నా బొమ్మ, దండమెట్టి నవ్వుతన్నాను, "అప్పలసూరి గారి సౌజన్యంతో" అని. అప్పుడు మైకట్టుకుని ఏటన్నావు నువ్వు? "అప్పలసూరి సచ్చినోళ్ళకి పెట్టె ఇచ్చినాడు, నాను బతికున్నోళ్ళకి పడవలాగడానికి జెట్టీ కట్టిస్తాను" అన్నావు. జనం ఈలలే ఈలలు. మరి జెట్టీ ఏదీ బావా? కిటికీలోంచి ఎంత సూసినా సముద్రమే కనబడతన్నాది. పెట్టె మాత్రం ఉన్నాది. నువ్వు అందులో ఉన్నావు.

పొద్దున్న మీ కుర్రోళ్ళు బ్లేడుతో నా బొమ్మ గీకీబోయేరు. మీసం ఊడింది గానీ నవ్వు ఊడలేదు. లక్ష్మణమ్మే అన్నాది, "ఉండనీండ్రా, ఆ అన్నయ్య మొగం ఈయనకి కొత్తేటి?" అని. ముప్పై ఏళ్ళు ఎదురెదురుగా నిలబడ్డాం. ఇప్పుడు నువ్వు కింద, నాను మీద. దీన్ని గెలుపంటారేటి?

నీ మీద ఎన్నిసార్లు నిలబడితే ఏటి, గెలిసింది ఒక్కపాలే కదా. మిగతా కాలమంతా పెళ్ళిళ్ళూ, పరామర్శలూ, పాడెలూ. ఏ ఊళ్ళో ఎవుడు పోయినా నా ఇంటిది తవిటమ్మ అన్నం వడ్డించడం ఆపీసి కండువా ఇస్త్రీ సేసీది. పాడెకి ముందు కుడేపు నాదే. బుజం మీద కాయ కాసీసింది. నీ కార్యకర్తలు నన్ను "పాడె సూరి" అనీవోరు. ఆ పేరెట్టింది నువ్వేనని నాకు తెలీదనుకున్నావేటి?

నన్ను ఓడించిన మర్నాడల్లా మీ ఇంటి నుంచి నెత్తళ్ళ సేపల కూర వచ్చీది. అది శుబ్బరంగా తినీసి, సాయంత్రం ప్రెస్సోళ్ళ ముందు నిన్ను దొంగ అనీవోడ్ని. కూర మాత్రం బాగుండీది, లేని మాట ఎందుకు?

సరే, అసలు సంగతికొస్తాను. ఎమ్మెల్యే పదవిలో ఉండి పోతే, ఉప ఎలచ్చన్లో ఆళ్ళింటోళ్ళే నిలబడితే, ఎదుటి పార్టీ పోటీ పెట్టకూడదంట. ఆనవాయితీ! ఎవుడెట్టినాడో గానీ ఆడి నోట్లో ఇసక పొయ్య. నీ కూతురు గౌరి నామినేషనేసి ఇంట్లో కూకుంటే సాలు, గెలిసీసినట్టే. మరి నాను? ఈపాలి నాదేనని ఊరూరా తిరిగేను కదా. మూడేళ్ళకి ఆ పిల్ల పాతుకుపోద్ది, నాకు డెబ్బై దాటీస్తాయి, ఇంక సీటెవుడిస్తాడు? బతికున్నప్పుడు ఓడించినావు, సరే. సచ్చి కూడా ఓడించాలేటి?

అదిగో, మళ్ళీ ఫోను. మా జిల్లా అధ్యక్షుడు యుగంధర్. పొద్దున్నుంచీ ఒకటే గోల. "ఆనవాయితీ పక్కనెట్టండి, ఆ పిల్లకి రాజకీయం తెలీదు, సీటు మనదే. పాడె లేచేలోగా ఊఁ అనండి సాలు" అంటన్నాడు. అబద్ధమెందుకు, బలే ఆశేసినాది బావా. ఊఁ అందామనే వచ్చేను, మీ గుమ్మందాకా.

గుమ్మంలో గౌరి ఎదురైంది. "మావయ్యా, ఇన్నాళ్ళూ మా నాన్నని తిట్టినావు కదా, పాడె ముందు నువ్వే మొయ్యాల. మధ్యలో ఇంకోడికి ఇచ్చీసేవంటే ఊరుకోను" అన్నాది. సూసేవా ఆ గుంట నోరు? దానికి రాజకీయం తెలీదంట!

ఉండు, మాటాడీసి వస్తాను. ఆఁ, యుగంధర్ గారూ... వద్దండి. నేదండి, నాను నిలబడను. ఇంకెవుర్నీ పెట్టకండి కూడా. ఆలోసించే సెప్తన్నాను. ఉంటానండి.

అయిపోయింది. మంచోడిననుకోకు, అలాటిదేం నేదు. గౌరి మీద మైకట్టుకుని ఏటంటాను సెప్పు? నాకొచ్చిన విద్య నిన్ను తిట్టడమొక్కటే. జనం కూడా అది ఇనడానికే వచ్చీవోరు. నువ్వు పోయేవని ఇన్న కాణ్ణుంచీ ఏడుపొస్తన్నాది బావా, నిజంగానే.

అవిగో, సైరన్లు. మంత్రిగారొచ్చీసినారు, ఇంక నిన్ను ఎత్తీస్తారు. ఇన్నేళ్ళూ ఎన్ని పాడెలు మోసేనో, ఓట్ల ఆశ నేని పాడె ఒక్కటీ మొయ్యలేదు. ఇదే మొదటిది. కూసింత తేలిగ్గా రా బావా, బుజం బాగోలేదు.