పున్నమి పీతలు

నదికి ఆనకట్ట కట్టిన మరుసటేడు, కాట్రేనికోన ఉప్పుకాలవ గట్టున ఒక సాయంత్రం అత్తాకోడళ్ళు పట్టిన పీతలకు తాళ్ళు కడుతున్నారు.

“ఇవన్నీ తేలిగ్గా, గుల్లగా ఉన్నాయే అమ్మాయ్. పున్నమికే కదా ఇలా అయ్యేది, వచ్చేసిందా?”

“ఎదురుగా అంత చందమామ కనబడుతుంటే పీతల్నడుగుతావేంటత్తా?”

అత్త ఇంకో పీతను తడిమి తాడు చుట్టింది.

“నీకు చూపు ఆనట్లేదా?”

“వానాకాలం నుంచీ అంతే. మీ మావకి చెప్పకే. తెలిస్తే నన్ను కాలవలో దిగనివ్వడు. ఊరికే ఇంట్లో కూర్చుని నేను బతకలేను.”

“మరిన్నాళ్ళూ ఎలా దిగేవు?”

“పోటెప్పుడో పాటెప్పుడో, నీళ్ళు ఎక్కేదీ తీసేదీ నా కాళ్ళకి తెలుసు.”

“అయితే రేపు నీళ్ళెప్పుడు తీస్తాయి?”

“ఈవేళ్టి కంటే రెండు గడియలు ఆలస్యంగా.”

“ఆ వేళకి నన్నూ కేకెయ్యి. నీతో దిగుతాను. మావ అడిగితే, నీ దగ్గర పని నేర్చుకుంటున్నానని చెబుతాను.”