తోఫు భోజనం

షాంఘైలో ఒక ఇరుకు సందు, ఒక వంటిల్లు. తండ్రిని సాగనంపిన మూడోనాడు మధ్యాహ్నం, అక్క పేఫెన్, తమ్ముడు రూషెంగ్. అక్కడ చావు భోజనమంటే అందరూ కలిసి తోఫు, అంటే సోయా జున్ను, తినడమే.

"తోఫు తడి అద్దకుండా వేసేస్తావేంరా? నూనె మొహం మీదికి చిందుతుంది."

"అద్దానక్కా."

"ఏం అద్దావ్, ఇంకా కారుతోంది. ఇటివ్వు... వద్దులే, నువ్వే చేసుకో. నా వాటా నేను మొన్నే తిన్నా. నాన్నని దహనం చేసి, హోటల్లో చుట్టాలందరితో కూర్చుని తిన్నా. కొడుకు కుర్చీ ఖాళీగా పెట్టుకుని."

"అందుకేగా ఇవాళ తెచ్చా. నాన్న పేరున నేనూ ఓ ముక్క తినాలి కదా."

"ఒక్కడివీ వేయించుకు తింటే అది ఉత్త కూర. ఇంటివాళ్ళతో కలిసి తింటేనే చావు భోజనం."

"నువ్వున్నావుగా. కూర్చో నాతో."

"నేనా? బాగుంది... గరిటె పెట్టకు! అడుగు ఎర్రబడేదాకా కదపకు, చితికిపోతుంది."

"నాన్నే అన్నాడు కదక్కా, నా తోఫు భోజనానిక్కూడా రావద్దని."

"కోపంలో అన్నాడు. నువ్వేమో దాన్ని పట్టుకుని వేలాడావ్. పోయాడ్రా అని ఫోన్ చేస్తే 'చూస్తాను' అన్నావ్. చూడ్డానికేముందిరా అందులో? నాన్న ఫొటో మోయడానికి కొడుకు లేక మీ బావ మోశాడు."

"ఏడ్చావా?"

"ఎక్కడ? వచ్చినవాళ్ళకి సిగరెట్లు, మిఠాయిలు అందించడంతోనే సరిపోయింది. నువ్వు?"

"లేదు. ఏమీ అనిపించట్లేదు. బస్సులో వస్తూ కూడా గిల్లుకుని చూశా."

"తిప్పు ఇప్పుడు. మెల్లిగా... ఆ. సోయా సాస్ చాలు చాలు. చిటికెడు పంచదార."

"ఉల్లికాడలు?"

"దించేముందు."

"అయిందక్కా. కూర్చో."

"కూర్చోను. మొన్న రానివాడికి ఇవాళ పొత్తెందుకు?"

"వచ్చాను."

"ఎక్కడికి?"

"మొన్న హోటల్‌కి వచ్చానక్కా. దహనశాలకి రావడానికి మొహం చెల్లలేదు. ఆ అంతస్తంతా చావు భోజనాలే. ఏదో గదిలోకి దూరి కూర్చున్నా. తోఫు వడ్డించారు, తిన్నా. తలెత్తితే గోడకి ఎవరో ముసలాయన ఫొటో. మన నాన్న కాదు."

"పొయ్యి ఆపు. మాడుతోంది."

"ఆపాను. వింటున్నావా?"

"చెప్పు."

"లేచి వెతుక్కుంటూ మన గది తలుపు దాకా వచ్చా. నువ్వు అటు తిరిగి ఉన్నావ్. లోపలికొస్తే అందరిముందూ గెంటేస్తావేమోనని భయమేసింది. మళ్ళీ ఆ గదికే పోయా."

"వాళ్ళదగ్గరికా? ఎవరు నువ్వని అడగలేదూ?"

"అడిగింది, ఆ ఇంటి పెద్దావిడ. ఎవరి తాలూకు బాబూ అంది. ఏం చెప్పాలో తోచక, కొడుకుని అన్నా. ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, పక్కనున్న కుర్చీ లాగి, 'కూర్చో నాయనా' అంది."

"ఆవిడ కొడుకువి కాదని ఆవిడకి తెలీదా?"

"ఎందుకు తెలీదు? అయినా వడ్డించింది. 'కూర్చో' అన్న ఆ ఒక్క మాట నీ నోట విందామని వచ్చా ఇవాళ. తోఫు కోసం కాదు."

"రూషెంగ్."

"ఊఁ."

"నేను ముందునుంచీ అటు తిరిగి లేనురా. తలుపు దగ్గర నిన్ను చూశాకే తిరిగా."