సుమతి నవలలో భీమశంకర్ వాటా

అమెరికాలో, న్యూ బెడ్‌ఫర్డ్‌లో జయంతి ఇంటి వెనక చెక్క డెక్ మీద, పకోడీల పళ్ళెం పక్కన భీమశంకర్ కాళ్ళు బారజాపి కూర్చున్నాడంటే ఆ సాయంత్రం ఇంకెవరి నోరూ లేవదు. ఎనభై మూడు వేసవిలో ఆ ఆదివారమూ అంతే అయింది. ఆ ఊరినుంచి ఒకప్పుడు తిమింగలాల వేటకి ఓడలెక్కినవాళ్ళ సంసారాల మీద సుమతి మూడేళ్ళు లైబ్రరీలో కూర్చుని నవల రాసింది. తెలుగు సంఘం పత్రికలో వేస్తానని ఎడిటర్ జగదీష్ మాటిచ్చాడు. మొదటి అధ్యాయం వినిపిద్దామని ఆమె కాగితాలు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"చదువుదువుగానిలే తల్లీ," అన్నాడు భీమశంకర్. "జగదీష్, పేరు 'సుమతి, భీమశంకర్' అని వెయ్యి. కాగితాలు వారం రోజులు మా ఇంట్లోనే ఉన్నాయి, అక్షరం అక్షరం దిద్దాను."

సుమతికి ఒళ్ళు మండింది. జగదీష్ నసిగాడు. "అంత సాయం చేశారా అండీ?"

"సాయమా! నవల కోసం అలలు ఎలా ఉంటాయో చూద్దామని చేపల పడవెక్కానా, ఊరు కనుమరుగవగానే మన ఊరి చర్చి అంత తిమింగలం లేచింది, నేను తాడు విసిరానా, అది పడవని లాక్కుంటూ పోర్చుగల్ దాకా పోయింది, నా చేతిలో కాఫీ ఒక్క చుక్క ఒలకలేదు!"

"తిమింగలాన్ని పడితే జైల్లో వేస్తారటగా, అంకుల్?" అంది జయంతి కూతురు రేణు.

"పట్టానన్నానా? దారి చూపించమన్నాను! ఇంతకీ అప్పుడేం జరిగిందనుకున్నావ్? నోరు తెరిచింది. లోపలికెళ్ళి చూద్దును కదా, నూరేళ్ళ కిందటి ఓడ కెప్టెన్ ఒకడు చుట్ట కాల్చుకుంటూ కూర్చున్నాడు! వాడు చెప్పిందే ఐదో అధ్యాయం. తిమింగలంతో ఆ యుద్ధం ఉందే, అదంతా నాదే."

"అయితే ఇద్దరి పేర్లూ వేసేద్దాం, గొడవెందుకు," అన్నాడు జగదీష్, పకోడీ అందుకుంటూ.

మూడేళ్ళ చాకిరీ ఒక్క పకోడీతో పోతోంది. సుమతి కాగితాలు తిప్పింది.

"అన్నయ్యగారూ, నా నవలలో తిమింగలం ఒక్కటీ లేదు. కథంతా ఒక వంటింట్లోనే. మగవాళ్ళు నాలుగేళ్ళు సముద్రం మీద ఉంటే ఆడవాళ్ళు కొట్టు నడుపుతారు, పిల్లల్ని కంటారు, పాతిపెడతారు."

"మరి... ఐదో అధ్యాయం?"

"మొగుడు తిరిగొస్తాడు. వరండాలో కాళ్ళు బారజాపి కూర్చుని, తిమింగలాన్ని ఎలా గెలిచాడో రోజూ చెప్తుంటాడు. పెళ్ళాం రొట్టెల పిండి పిసుక్కుంటూ ఉంటుంది, వినదు. మీరన్నది నిజమే, ఆ అధ్యాయం మాత్రం మీదే. మిమ్మల్ని చూసే రాశాను."

భీమశంకర్ భార్య లలిత టీ పోస్తున్నదల్లా కెటిల్ కింద పెట్టేసి, కుర్చీ సుమతి దగ్గరికి లాక్కుంది.

"జగదీష్, ఒక్క పేరే వెయ్యి," అంది. "నువ్వు చదువు సుమతీ. ఐదోదే ముందు చదువు."